పరుపుచుట్ట మీద ముడి

మా ఇంట్లో దురద మొదలై మూడు వారాలు దాటింది. ముందు మా అమ్మాయికి, తర్వాత దాని పక్కన పడుకునే మా ఆవిడకి. మోచేతుల మీద, మెడ వెనక, నడుము చుట్టూ ఎర్రటి దద్దుర్లు. డాక్టరు పూత మందు రాసిచ్చి, "ఇంట్లో నల్లులున్నాయేమో చూసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇంట్లో మనశ్శాంతి పోయింది. ఎందుకంటే దురద మొదలైన వారమే మా బావ మా ఇంటికి వచ్చాడు, ఒక సంచీతో, ఒక పరుపుచుట్టతో. మా అక్క పోయి ఏడాదైంది. పిల్లల్లేరు. బావ ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎన్నాళ్ళుంటావని నేను అడగలేదు, అతను చెప్పలేదు. నిన్న సాయంత్రం మా ఆవిడ వంటింట్లో, "ఆ చుట్టని తగలెయ్యండి, లేదంటే నేనూ అమ్మాయీ మా చెల్లెలింటికి పోతాం" అని గొంతు పెంచుతుండగా గుమ్మం అవతల చెప్పుల చప్పుడు వచ్చి ఆగిపోయింది.

ఆ చెప్పులు బావవే.

పొద్దున నేను లేచేసరికి పరుపుచుట్ట దుకాణం వైపు గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉంది. మా ఇంటికీ దుకాణానికీ మధ్య ఆ ఒక్క గుమ్మమే. బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. ప్రయాణానికి తయారైన మనిషి టీ తాగే తీరు వేరు. మధ్యలో గ్లాసు కింద పెట్టడు.

"ఎక్కడికి బావా?"

"మా పాత కండక్టరు ఎప్పట్నుంచో రమ్మని పోరుతున్నాడోయ్. నాలుగు రోజులుండి వస్తా. మీరు మందు కొట్టించుకోవాలి కదా, ఇంట్లో మనుషులు తక్కువుంటే మంచిది."

నేను పాత సామాన్ల వ్యాపారిని. పాత మంచాలు, బీరువాలు, కుర్చీలు కొని బాగుచేసి అమ్ముతాను. కుర్చీని ఒంటి చేత్తో ఎత్తి చూసి లోపల చెదలు తిన్నదో లేదో చెప్పగలను. చెదలు తిన్నది పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ ఎత్తితే తేలిగ్గా వచ్చేస్తుంది. బావ అన్న ఆ నాలుగు రోజుల్నీ అలాగే ఎత్తి చూశాను. మరీ తేలిగ్గా వచ్చాయి. వాటి లోపల ఏమీ లేదు. ఇవాళ ఈ గుమ్మం దాటితే బావ మళ్ళీ రాడు.

"మధ్యాహ్నం బస్సుకి పోవచ్చులే" అన్నాను.

"మధ్యాహ్నం బస్సుకే" అన్నాడు, గ్లాసు చేతిలోనే ఉంచుకుని.

మా ఆవిడ వంటింట్లోంచి రాలేదు. గిన్నెలు మాత్రం అవసరానికి మించి చప్పుడు చేస్తున్నాయి.

పది గంటలకి నల్లుల మందు కొట్టే టార్చి మేడమ్ వచ్చింది. ఆవిణ్ణి పేట మొత్తం ఆ పేరుతోనే పిలుస్తుంది. యాభై దాటిన మనిషి. మోకాళ్ళకి దళసరి గుడ్డలు చుట్టుకుని, మెడలో టార్చి వేలాడేసుకుని, చేతిలో అరిగిపోయిన ప్లాస్టిక్ కార్డు ఒకటి పట్టుకుని వస్తుంది. ఆ కార్డు అంచుతో పరుపు కుట్ల మధ్య, మంచం సందుల్లో గీకి చూస్తుంది. మందు డబ్బా మాత్రం బండి మీదే ఉంచుతుంది.

"డబ్బా తేలేదేంటండీ?" అంది మా ఆవిడ.

"కనపడ్డాకే కొడతానమ్మా. కనపడకుండా కొడితే పురుక్కి కొట్టినట్టు కాదు, మన భయానికి కొట్టినట్టు."

"అయితే ముందు అది చూడండి." మా ఆవిడ గుమ్మం పక్కకి వేలు చూపించింది, బావ వైపు చూడకుండా.

"చూడమ్మా, చూడు. అందులో దాచుకునేదేం లేదు" అంటూ బావే లేచాడు. చుట్టకున్న తాడు కొస ఒకటి పట్టుకుని ఒక్కసారి లాగాడు. తాడంతా వదులై జారి నేల మీద పడింది.

చుట్టలో ఒక పలచటి పరుపు, దిండు, ఒక బొంత ఉన్నాయి. బొంత మా అక్క కుట్టింది. మధ్యలో రంగురంగుల ముక్కలు, నాలుగు మూలలా బావ పాత ఖాకీ చొక్కాల ముక్కలు. ఒక మూల ఖాకీ ముక్క మీద చొక్కా జేబు అలాగే ఉంది. అక్క దాన్ని విప్పకుండా కుట్టేసింది. చిన్నప్పుడు నా పుస్తకాల సంచీ కుట్టినప్పుడూ అంతే, పాత లాగు జేబు అలాగే ఉంచింది. "జేబుంటే చెడ్డదా?" అనేది.

మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని కుట్టు కుట్టూ చూసింది. టార్చి వెలుగు పరుపు అంచు వెంబడి చీమలా పాకింది. మా అమ్మాయి పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పది రోజుల్లో దానికి పరీక్షలు. చేతిలో పెన్ను మూతతో మెడ గోక్కుంటోంది.

పావుగంట తర్వాత మేడమ్ టార్చి ఆపింది.

"శుభ్రం."

"సరిగ్గా చూశారా?" అంది మా ఆవిడ.

"నల్లి ఉన్నచోట సిరా చుక్కల్లాంటి మరకలుంటాయమ్మా. ఒక పట్టాన పోవు. ఈ బొంతలో ఒక్క చుక్క లేదు. ఇందులో నల్లి ఇప్పుడే కాదు, ఎప్పుడూ ఉన్నట్టు లేదు."

మా ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది. అప్పుడు నేనొక మాట అన్నాను. ఆ మాట తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

"నేను అనుకుంటూనే ఉన్నా. బావ పరుపులో ఏముంటుందని!"

బావ నావైపు చూశాడు. కోపంగా కాదు. దారి అడిగిన ప్రయాణికుడివైపు చూసినట్టు.

"అనుకోవడం ఏంటోయ్? నువ్వు చూశావుగా."

"నేనా? ఎప్పుడు?"

"నేను వచ్చిన రోజు. స్నానానికి వెళ్ళినప్పుడు చుట్ట విప్పి చూసి, మళ్ళీ కట్టావు."

మేడమ్ కార్డు తుడుచుకోవడం ఆపింది. మా అమ్మాయి గోక్కోవడం ఆపింది.

"నా ముడి ఒక కొస లాగితే ఊడిపోతుంది" అన్నాడు బావ, నేల మీది తాడు చూపిస్తూ. "బస్సు పైన సామాను అలాగే కడతాం. దిగేవాడు తొందరలో ఉంటాడు, వాన పడుతుంటుంది, ముడితో కుస్తీ పడితే కుదరదు. ఆ రోజు నేను స్నానం చేసి వచ్చేసరికి దాని మీద రెండు పేటల బిగింపు ముడి ఉంది. కొస లోపలికి దోపి ఉంది. ఆ ముడి నీ దుకాణంలో ప్రతి బీరువా తలుపుకీ ఉంటుంది బావమరిదీ. విప్పడానికి నా పళ్ళు వాడాల్సొచ్చింది."

నిజమే. మా గుమ్మం దాటి లోపలికి వచ్చే ఏ వస్తువునైనా విప్పి, తిరగేసి, సందుల్లో తెల్లగుడ్డతో తుడిచి చూడటం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పాత సామాన్ల వాడికి చెదలు పెద్ద శత్రువు కాదు. చెదలు పడితే ఆ ఒక్క వస్తువు పోతుంది. నల్లులున్నాయన్న మాట పుడితే దుకాణమే పోతుంది. అందుకని ఆ రోజు బావ నీళ్ళు పోసుకుంటుండగా చుట్ట విప్పాను. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. అక్క కుట్టిన జేబు చూసి కాసేపు అలాగే కూర్చుని, మళ్ళీ చుట్టి కట్టేశాను.

అంటే మూడు వారాలుగా ఆ చుట్ట శుభ్రమైనదని ఈ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరు నల్లులన్నప్పుడు, మా ఆవిడ బావ చుట్టని తప్పుపట్టినప్పుడు, "నేను చూశాను, అందులో ఏం లేదు" అని అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అనలేదు. ఎందుకంటే ఇంట్లోకి నల్లులు రావడానికి రెండే దారులు. ఒకటి బావ చుట్ట, రెండోది నా దుకాణం. మొదటిదాన్ని కొట్టేస్తే మిగిలేది రెండోదే. నేను అబద్ధం చెప్పలేదు కదా, ఊరికే ఉన్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచి సరుకుని ఎవరో చెడ్డదంటుంటే పక్కన నిలబడి చూశాను. దుకాణంలో ఎవడైనా ఆ పని చేస్తే నేనే వాణ్ణి వర్తకుడనను.

"తెలుసా మీకు?" మా ఆవిడ గొంతు చిన్నదైపోయింది. "తెలిసే నాచేత ఆయన్ని అన్ని మాటలనిపించారా?"

"నేనెక్కడ అనిపించాను..."

"ఆపలేదుగా! అన్నయ్యగారి బట్టలు విడిగా నానబెట్టాను. విడిగా ఆరేశాను. నిన్న ఆయన కుర్చీ మీద వేడినీళ్ళు పోశాను. అన్నీ చూస్తూ పేపరు చదువుకున్నారు మీరు."

"విడిగా ఆరేస్తే త్వరగా ఆరాయిలే చెల్లెమ్మా" అన్నాడు బావ.

నవ్వు రావాల్సిన మాట. ఎవరికీ రాలేదు.

"మీ గొడవ ఎక్కడికీ పోదు, తర్వాత పడండి" అంది మేడమ్, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "పాపా, నువ్వు చెప్పు. దురద ఎప్పుడెక్కువ?"

"చదువుకునేటప్పుడు" అంది మా అమ్మాయి.

"చదువంటే అందరికీ దురదేలే. రాత్రిళ్ళు?"

"రాత్రి కూడా ఉంటుంది. కానీ మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుంటే ఏదో పాకినట్టుంటుంది. చూస్తే ఏమీ కనపడదు."

"మధ్యాహ్నమా?" మేడమ్ కనుబొమలు లేచాయి. "నల్లిది రాత్రి ఉద్యోగం అమ్మా. పట్టపగలు బల్ల దగ్గరికొచ్చి చదువుకునే పిల్లని కుట్టదు. పద, నీ గది చూపించు."

అందరం వెనకగదిలోకి నడిచాం. నేనూ మేడమూ కలిసి అమ్మాయి మంచం తిరగేశాం. కోళ్ళూ పట్టెలూ కలిసే సందులన్నీ చూశాం. ఏమీ లేదు. బల్ల సొరుగులు లాగి బోర్లించాను. కుర్చీ కాళ్ళ కింద చూశాను. గోడ వారగా నేల మీద బోర్లా పడుకుని చూశాను. పాతికేళ్ళుగా నా కళ్ళకి కిందికి చూడటమే తెలుసు. సామాను గుట్టు ఎప్పుడూ కిందే ఉంటుంది, కాళ్ళ దగ్గర, అడుగు చెక్క దగ్గర.

బావ మాత్రం గుమ్మంలో నిలబడి పైకి చూస్తున్నాడు. బస్సు పైన సామానుని, దారిలో వంగిన కొమ్మల్ని చూసుకుంటూ బతికినవాడు. ఏ గదిలోకి వచ్చినా ముందు కప్పే చూస్తాడు.

"అక్కడ ఆ చెక్కేంటోయ్?"

బల్లకి సరిగ్గా పైన, గోడలో వెంటిలేటర్ ఉండాల్సిన చోట, పాలిష్ పెట్టిన చెక్క ఒకటి ఉంది.

"అదా? పాత బీరువా వెనక చెక్క. వెంటిలేటర్‌లో పావురాలు గూడు పెట్టాయి. వాటి గోలకి చదువు సాగట్లేదని ఇది ఏడిస్తే మూసేశాను. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగానులే. అన్నీ వెళ్ళిపోయాక బయటివైపు ఇనప జాలీ, లోపలివైపు ఈ చెక్క."

"గూడు తీశారా?" అంది మేడమ్.

"లేదు."

"ఎందుకు తియ్యలేదు?"

"చెక్క కొట్టేశాక ఇంక కనపడదు కదా."

అన్నాక నాకే వినిపించింది నేనేమన్నానో. అది నా పనివాటం. సోఫా అడుగు చిరిగితే కొత్త గుడ్డ వేసి కప్పేస్తాను. బీరువా వీపు కుళ్ళితే మంచి చెక్క కొట్టి పాలిష్ పెడతాను. కొనేవాడికి లోపలిది కనపడదు, కొనేవాడు లోపల కాపురం ఉండడు కాబట్టి ఇబ్బందీ లేదు. ఆ లెక్కే ఇంట్లోనూ వేశాను, లోపల కాపురం ఉండేది నా కూతురని మరిచిపోయి.

"ఎప్పుడు కొట్టారు ఆ చెక్క?"

నేను వేళ్ళు మడుస్తుంటే మా అమ్మాయే చెప్పింది. "మామయ్య వచ్చిన రోజే నాన్నా. ఆదివారం. పొద్దున నువ్వు మేకులు కొట్టావు, సాయంత్రం మామయ్య వచ్చాడు."

ఆ ఆదివారం మా ఇంట్లో రెండు పనులు జరిగాయి. ఒక మనిషి లోపలికి వచ్చాడు, పావురాలు బయటికి పోయాయి. వచ్చినదాన్ని అందరం లెక్కలో వేసుకున్నాం. పోయినదాన్ని ఎవరమూ వేసుకోలేదు.

మేడమ్ అమ్మాయి నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపించి బల్ల మీద పరిచింది. కుర్చీ ఎక్కి టార్చి వెనకభాగంతో చెక్కని నాలుగుసార్లు గట్టిగా తట్టింది. కాగితం మీద దుమ్ము రాలింది. అందరం వంగి చూశాం. దుమ్ములో ఒక నలుసు కదిలింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగా పది, పన్నెండు నలుసులు కాగితం అంచుకేసి నడక మొదలుపెట్టాయి.

మేడమ్ ఒకదాన్ని బొటనవేలితో నొక్కి లాగింది. కాగితం మీద సన్నటి ఎర్రగీత పడింది.

"అమ్మో!" అని మా ఆవిడ రెండడుగులు వెనక్కేసింది.

"పావురాల పేలు" అంది మేడమ్, పరీక్ష పాసైనంత తృప్తిగా. "పావురం ఉన్నంతకాలం దాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. అది వెళ్ళిపోయాక ఆకలికి సందుల్లోంచి కిందికి దిగుతాయి. మనిషి ఒంటి మీద కాపురం పెట్టవు, కుట్టి పోతాయంతే. గూడు తీసేసి, అంతా తడిగుడ్డతో తుడిచి, అక్కడ మందు కొడితే నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. ఇప్పుడు తెస్తాను నా డబ్బా."

నిచ్చెన నేనెక్కాను. కింద బావ పట్టుకున్నాడు. మేకులు ఊడదీస్తుంటే చెక్క వెనక నుంచి పాత ఈకలు, పుల్లలు రాలి బావ ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. అతను దులుపుకోలేదు. నిచ్చెన వదలాల్సొస్తుందని. పైనుంచి నాకు ఆ నెరిసిన తలే కనిపిస్తోంది. "కిందికి చూసుకో, మెట్టు ఊగుతోంది" అన్నాడు అతను.

గూడుని సంచీలో మూట కట్టి మేడమ్ తన బండిలో పడేసింది. మందు కొట్టడం అయ్యింది. మా ఆవిడ చేతులు కడుక్కుని తిన్నగా బావ ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మనసులో పెట్టుకోకండి."

"నీకు తెలియక అన్నావమ్మా. ఒళ్ళంతా దద్దుర్లతో పిల్ల ఏడుస్తుంటే ఏ తల్లయినా ఎవరో ఒకర్ని అంటుంది. నాకేం లేదు."

"మరైతే ఆ చుట్ట లోపల పెట్టండి. వంటవ్వగానే పిలుస్తాను."

బావ బొంత మడిచాడు. ఖాకీ జేబు పైకి వచ్చేలా మడిచి, పరుపుతోపాటు చుట్టి, తాడు కట్టాడు. లోపలికి మాత్రం తీసుకెళ్ళలేదు. మళ్ళీ గుమ్మం పక్కనే ఆనించి దాని పక్కన కుర్చీ వేసుకున్నాడు.

మా ఆవిడ నన్ను చూసిన చూపు మీకు చెప్పక్కర్లేదు. తల్లీ కూతుళ్ళు లోపలికి వెళ్ళిపోయారు.

"బావా, తప్పు నాది" అన్నాను. "దుకాణం పేరు పోతుందని భయపడ్డాను. ఇంక వదిలెయ్యి."

"నీ మీద కోపం లేదోయ్. కోపమైతే మొదటిరోజే ఆ ముడి నీ మొహాన పెట్టి అడిగేవాణ్ణి. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. మూడు వారాలు చూశాను."

"చెప్పాల్సింది."

"నువ్వు తెలిసి కూడా నోరు మూసుకోగల మనిషివి. అది తెలిశాక ఈ ఇంట్లో నాకు నిద్రెలా పడుతుంది చెప్పు? రేపు ఏ గాజుగ్లాసో పగులుతుంది. ఏ వస్తువో కనపడకుండా పోతుంది. ప్రతిసారీ నేను నీ మొహం చూస్తూ కూర్చోవాలి, ఈసారైనా నోరు తెరుస్తాడా లేదా అని. ఈ వయసులో ఆ కాపలా నావల్ల కాదు."

"ఈసారి తెరుస్తాను బావా."

"అనడానికేముంది? నీకు నష్టమొచ్చే చోట నువ్వు నోరు తెరవడం ఒక్కసారి చూస్తే చాలు, ఈ ముడి విప్పేస్తా. మీ అక్క ఉంటే నీ తరఫున నాకు పూచీ ఉండేది. ఇప్పుడది లేదు." గోడగడియారం చూశాడు. "బస్సుకింకా రెండు గంటలుంది."

నేనేదో అనబోతుంటే దుకాణంలోంచి మేడమ్ గొంతు వినపడింది. వెళ్తూ వెళ్తూ, "వచ్చాను కదా, ముందున్నవీ ఒకసారి చూసి పోతా" అని ఆవిడ అప్పుడే అటు వెళ్ళింది.

"సార్, ఒకసారిలా రండి."

గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆవిడ పిలిచింది మంచాల వరస దగ్గర్నుంచి.

పోయిన వారం, మూతపడిన ఒక లాడ్జి నుంచి జత మంచాలు కొన్నాను. గట్టి చెక్క, తలవైపు చెక్కుడు పలకలు, రెండూ ఒకే చేతి పని. వాటిలో ఒకటే ఇప్పుడు దుకాణంలో ఉంది. మేడమ్ దాని తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కోడు, పట్టె కలిసే సందులోంచి కార్డు బయటికి తీసింది. కార్డు అంచు మీద గోధుమరంగు చుక్క ఒకటి బల్లపరుపుగా అంటుకుని ఉంది. దానికి కాళ్ళున్నాయి.

"ఇది నల్లి" అంది నెమ్మదిగా. "మూడు వారాలుగా మీరు లోపల వెతుకుతున్నది. నాలుగైదున్నాయి ఈ సందులో. ఇంట్లోకి రాలేదు, అదృష్టం. దీన్ని ఎండలో పడేసి నేను చూసుకుంటా. దీని జతేది?"

నేను వంగి మంచం అడుగు చూశాను.

జత మంచాల్లో ఒకదాన్ని నేను తిరగేసి చూశాను. ఒక్క సందు కూడా వదలకుండా చూశాను, శుభ్రంగా ఉంది. చూసిన వస్తువు అడుగున సుద్దముక్కతో గీత గీయడం నా అలవాటు. సుద్దముక్క కోసం జేబు తడుముకుంటుండగా లోపల్నుంచి మా ఆవిడ, "ఏమండీ, అమ్మాయి వీపు చూడండి, ఎలా పొంగిపోయిందో!" అని కేక పెట్టింది. లోపలికి పరిగెత్తాను. గంట తర్వాత బయటికొచ్చేసరికి కొనడానికి మనిషి వచ్చి నిలబడి ఉన్నాడు. గీత రెంటికీ లేదు. రెండూ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి, రెంటిలో ఏది చూశానో గుర్తులేదు. ఒకటి బాగుంటే దాని జతా బాగానే ఉంటుందనుకుని, ముందున్నదాన్ని పంపించేశాను.

"దాని జత అమ్మేశాను" అన్నాను.

"అందులో ఉన్నాయా?"

"నాకు తెలీదు."

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూస్తేగానీ నేనూ చెప్పలేను." ఆవిడ కార్డుని కాగితంలో చుట్టింది. "ఎవరింటికి?"

జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. దుకాణం మెట్ల మీద దర్జీ నిలబడి ఉన్నాడు. వీధి చివర మిషను పెట్టుకున్న పెద్దాయన. మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చేశాడు. మొహమంతా నవ్వు.

"మీకో మాట చెప్పిపోదామని వచ్చానండీ. మంచం ఎంత బాగుందో! మా అమ్మాయి పురిటికొచ్చిందని చెప్పాను కదా. తొమ్మిది రోజుల పసిగుడ్డు, తల్లీ బిడ్డా దాని మీదే. నాకూ నిన్న మధ్యాహ్నం ఓ గంట దాని మీదే కునుకు పట్టింది." నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "అదిగో, దాని జత ఉందిగా ఇంకా! దాన్నీ తీసుకెళ్దామని. ఇలాంటి సరుకు మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదని వీధంతా చెప్పాను నేను" అన్నాడు.

అంటూ కుడిచెయ్యి మడిచి, ఎడమచేతి గోళ్ళతో మోచేయి గోక్కున్నాడు. ఊరికే గోక్కున్నాడేమో. మనుషులన్నాక ఊరికే కూడా గోక్కుంటారు. నేను చూసిన మంచం వాళ్ళింట్లో ఉన్నదేనేమో. అలా అనుకోవడానికి వీలుంది, నల్లి ఇందులోంచి అందులోకి పాకి ఉండదని నమ్మితే. మేడమ్ తన పనికి సంబంధం లేని మాటల్లో తల దూర్చదు. కాగితం పొట్లం జేబులో వేసుకుని, టార్చి తుడుచుకుంటూ నిలబడింది.

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూశాను. గుమ్మం పక్కన బావ వంగి, పరుపుచుట్ట తాడు కొసని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. లాగలేదు, వదల్లేదు. నా మొహమే చూస్తున్నాడు.

"ఏమండీ, పలకరేం?" అన్నాడు దర్జీ నవ్వుతూ, మోచేయి గోక్కుంటూనే. "అది ఎవరికైనా మాటిచ్చేశారా?"